వెలుగుని కలపకు

కోటబొమ్మాళి,
డిసెంబరు 8, సోమవారం.

శైలూ,

ఆశీస్సులతో మొదలుపెడితే నువ్వు నవ్వుతావు, 'ప్రియమైన' అంటే నాకు సిగ్గు. అందుకని పేరుతోనే మొదలుపెట్టేశాను. ఇక్కడ అమ్మ, నేను, గేదె, దాని దూడ, నువ్వు పెరట్లో నాటి వెళ్ళిన నిమ్మ మొక్క, అందరం కులాసా. నువ్వు కులాసాగా లేవని తెలిసే రాస్తున్నాను. కాబట్టి 'అక్కడ నీ క్షేమం తెలియజేయగలవు' అనే మాటని ఈసారికి వదిలేస్తున్నాను. తెలిసిన సంగతే మళ్ళీ అడగడం బాగుండదు.

రోజూ ఫోను చేసుకుంటూ ఉత్తరమేమిటి అనుకుంటావేమో. ఫోను మనకి తిన్నావా, పడుకున్నావా అనడానికే సరిపోతోంది. పైగా ఫోనులో నేను రెండు మాటలు చెప్పేలోపే నువ్వు 'పోనీలే బావా' అంటావు. పెళ్ళయిన ఈ నాలుగేళ్ళలో నీ 'పోనీలే' వల్ల నేను చాలాసార్లు బతికిపోయాను. ఈసారి అలా బతికిపోకూడదని కాగితం తీసుకున్నాను. పోస్టులో వేస్తే సమయానికి అందుతుందో లేదో అని మావయ్యని అడిగాను. సాలూరు నుంచి ఆయన లారీ ఒకటి రేపు కలకత్తా బయలుదేరుతోందట. డ్రైవరు సోములు మన ఊరి దగ్గర హైవే మీద ఆగి ఈ సంచీ తీసుకుంటాడు. గురువారానికి మీ ఇన్‌స్టిట్యూట్ గేటు దగ్గర నీ చేతికిస్తాడు. సంచీలో అమ్మ పంపిన చోడిపిండి, రెండు కవర్లు ఉంటాయి. ముందు ఈ కవరు చదువు. రాగిపిండి సంగతి తరవాత.

నీ ఉత్తరం నవంబరు ఇరవై తొమ్మిదిన అందింది. అందులో నాలుగు ప్రశ్నలు అడిగావు. మీ అత్త మోకాలు ఎలా ఉందన్నావు. నేనూ అదే అడిగాను. "మోకాలికేటి, అది నా మాట ఇంటాది. నువ్వే ఇనవు" అంది. అంటే నొప్పి తగ్గలేదని అర్థం. కానీ నూనె రాసుకుంటోంది, మేడ మెట్లు మాత్రం ఎక్కడం మానేసింది. గేదె ఈనిందా అన్నావు. ఈనింది, పెయ్యదూడ. జున్ను వండిన రోజున అమ్మ నీ వాటా అని ఒక గిన్నె పక్కన పెట్టి, సాయంత్రానికి 'పాడైపోతాదిరా' అంటూ నాకే పెట్టింది. నేను వేళకి తింటున్నానా అన్నావు. పైన చెప్పిన జున్ను సంగతి చూస్తే నీకే తెలుస్తుంది.

నాలుగో ప్రశ్న పెద్ద దిమ్మ గురించి. 'ఎక్కడ తప్పు జరిగిందో నాకు కనబడటం లేదు బావా, నువ్వొకసారి చూడవా' అని రాశావు. దానికి జవాబు ఉంది. కానీ అది చెప్పేముందు నన్ను కాసేపు కబుర్లు చెప్పనీ. ధైర్యం కూడగట్టుకోవాలి.

మావయ్య పోయిన నెల వచ్చి వెళ్ళారు. చెల్లెలి మోకాలు చూడడానికని వచ్చారు గానీ, వచ్చింది నీ కబుర్ల కోసమే. అమ్మ పెట్టిన దిబ్బరొట్టె తింటూ మొదలుపెట్టారు.

"లారీ ఆఫీసులో అందరికీ సెప్పీసినాను అల్లుడూ. మా గుంట కలకత్తాలో వెలుగుని లెక్కెడతన్నాదని. ఒకడు ఏటన్నాడో తెల్సా? వెలుగు లెక్కెట్టడమేటి, బల్బులు లెక్కెడతాదేటి అన్నాడు. ఆడికి జవాబు సెప్పడం నాకు రానేదు. నువ్వు మాస్టారివి గదా, నువ్వు సెప్పు. నాను ఎల్లి ఆడికి సెప్తాను."

పదకొండేళ్ళుగా ఇంటర్ పిల్లలకి ఫిజిక్స్ చెబుతున్నాను. జగన్నాధం మావయ్యకీ, మా అమ్మ తాయారమ్మకీ ఒకేసారి అర్థమయ్యేట్టు చెప్పడం దానికంటే కష్టం. తప్పుంటే దిద్దు, ఇలా చెప్పాను. కంటికి కనబడని రేణువు ఒకటి ప్లాస్టిక్ దిమ్మలోకి దూరుతుంది. పోతూ పోతూ తన శక్తినంతా ఆ దిమ్మకి వదిలేస్తుంది. అలా వదిలిన దాంట్లో ఎక్కువ భాగం దిమ్మని కాస్త వెచ్చచేసి ఊరుకుంటుంది. నూటికి మూడు పాళ్ళు మాత్రం సన్నటి నీలపు వెలుగుగా మారుతుంది. దిమ్మ చివర ఒక కన్నులాంటి యంత్రం ఆ వెలుగుని పట్టుకుని లెక్కపెడుతుంది. వెలుగు ఎంతో తెలిస్తే, రేణువు ఎంత శక్తి తెచ్చిందో తెలుస్తుంది. అలాంటి దిమ్మ తయారు చెయ్యాలంటే చాలా ఖర్చు, చాలా కాలం. అందుకని శైలజ ముందుగా కంప్యూటర్లో ఉత్తుత్తి దిమ్మ కడుతుంది. అందులోకి ఉత్తుత్తి రేణువుని పంపుతుంది. పుట్టిన వెలుగు కణాలు ఒక్కొక్కటీ ఎటు పోయింది, ఏ గోడకి తగిలి ఎటు తిరిగింది, ఎక్కడ ఆరిపోయింది, అన్నీ చూస్తుంది.

"ఒక్కొక్కటీనా?" అన్నారు మావయ్య. "ఎన్నుంటాయేటి?"

"ఒక్క రేణువుకి పదివేల దాకా" అన్నాను.

ఆయన చేతిలో రొట్టె ముక్క అలాగే ఉండిపోయింది. "నాకు పన్నెండు టైర్లు సూసుకోడానికే క్లీనరు కావాల. నా కూతురు పదివేలూ ఒక్కర్తే సూస్తాదా!" అని అమ్మవైపు తిరిగి, "ఏటి సెల్లీ, మనింట్లో ఈ బుర్ర ఎవులిదే?" అన్నారు.

అమ్మ ఏమాత్రం ఆలోచించలేదు. "మనమ్మది. నీకు రాక అలాగే ఉండిపోనాది, దానికెల్లినాది" అంది. మావయ్య అంత నవ్వు నవ్వడం నేనెప్పుడూ చూడలేదు.

నవ్వుతూనే ఉన్నారు గానీ, శైలూ, పదివేలూ ఒక్కర్తే చూస్తుందన్న మాట ఆయనతో పాటు నాకూ గట్టిగానే తగిలింది. దసరాకి నువ్వు వచ్చిన పది రోజులూ నేను చూస్తూనే ఉన్నాను కదా. వసారాలో చాప వేసుకుని, చీర కొంగు నడుముకి చుట్టుకుని, మోకాళ్ళ మీద ల్యాప్‌టాప్ పెట్టుకుని కూర్చునేదానివి. ఒక కణం ఎక్కడ ఆరిపోయిందో తేలకపోతే భోజనానికి లేచేదానివి కావు. పదివేలలో ఒకటి పోతే పోయిందిలే అన్నాను ఒకసారి. నువ్వు నావైపు ఎలా చూశావంటే, నేను మన గేదె పోతే పోయిందిలే అన్నట్టు. ఆ రోజు నుంచి నువ్వు చేసే పనిని నేను చిన్న పని అనుకోలేదు.

అప్పుడే కదా నేనూ నేర్చుకుంటానన్నాను. మీ ఇన్‌స్టిట్యూట్ పెద్ద కంప్యూటర్లలో వరస దొరకడం లేదని నువ్వన్నావు. మా కాలేజీ ల్యాబులో ఇరవై కంప్యూటర్లు సాయంత్రాలు ఖాళీగా ఉంటాయని నేనన్నాను. ప్రిన్సిపాల్ గారు ఒప్పుకున్నారు. కోటబొమ్మాళిలో, మధ్యమధ్య కరెంటు పోయే ఆ గదిలో, నీ ఉత్తుత్తి దిమ్మలు వెలిగాయి. పిల్లలు తొంగి చూసి 'మేడం గారి వెలుగు నడుస్తున్నాదా సార్' అని అడిగేవాళ్ళు. నాకు గర్వంగా ఉండేది. భార్యని సాగనంపి ఖాళీగా ఉన్న మొగుడిగా కాక, ఆమె పనిలో చెయ్యి వేసిన మనిషిగా ఊళ్ళో తిరిగాను.

ఇంకో కబురు. చోళ్ళు ఇంటికొచ్చాయి. వడ్లైతే బస్తాలకెత్తి కాటా వేసి మిల్లుకి పంపేస్తాం. చోళ్ళు మాత్రం అమ్మ ఎవరినీ కాటా వెయ్యనివ్వదు, కుంచంతోనే కొలవాలి. ఈసారి మోకాలి వల్ల తను పీట మీద కూర్చుని లెక్క చెబుతానంది, నన్ను కొలవమంది. మొదటి కుంచానికి 'ఒకటి' అనబోయాను. "లాభం అనరా" అని కసిరింది. సరే, లాభం, రెండు, మూడు. ప్రతి అయిదు కుంచాలకీ, కొలిచిన కుప్పలోంచి ఒక గుప్పెడు తీసి పక్కన చేటలో వేరుగా పెట్టింది. ఎక్కడైనా లెక్క తప్పితే ఆ గుప్పెళ్ళు చూసుకుంటే తెలుస్తుంది కదా. అలా నలభై కుంచాలు కొలిచాం. చేటలో ఎనిమిది గుప్పెళ్ళు తేలాయి.

పని అయిపోయిందని నేను ఆ చేట ఎత్తి కుంచంలో పోశాను. కుంచంలో కొంత నిండింది. "అమ్మా, ఇవిగో, ఇంకో పావు కుంచం పైన రాసుకో" అన్నాను.

అమ్మ నన్ను చూసిన చూపు నీకు తెలుసు. "ఒరే, అవి కొలిసీసిన సోళ్ళేరా! గుర్తుకి తీసినవి. మళ్ళీ కొలిస్తే కుప్ప పెరిగిపోదేటి? నేని గింజలు ఎక్కడినుంచొస్తాయిరా? నీకు పాఠాలు సెప్పమని జీతం ఎవులిస్తన్నారో గానీ!"

నేను కుంచం పట్టుకుని అక్కడే నిలబడిపోయాను. అమ్మ తిట్టినందుకు కాదు. నీ పెద్ద దిమ్మలోకి పంపిన శక్తి నూరైతే, దిగిన మొత్తం నూట మూడని ఎలా వచ్చిందో ఆ క్షణంలో నాకు తెలిసిపోయింది. శైలూ, ఆ తప్పు నీది కాదు. నాది.

ఎలాగో చెబుతాను. దసరాకి నువ్వు నాకిచ్చిన ఫైళ్ళలో, దిమ్మలో ఎక్కడెక్కడ ఎంత శక్తి దిగిందో కూడి మొత్తం చెప్పే ఫైలు ఒకటుంది. అందులో ఒక లైను ఉండేది. దిగినది వెలుగు కణమైతే దాని శక్తిని మొత్తంలో వెయ్యొద్దని కంప్యూటరుకి చెప్పే లైను అది. పక్కన నువ్వు ఇంగ్లీషు అక్షరాల్లో తెలుగులో 'వెలుగుని కలపకు' అని కూడా రాసి పెట్టావు. చిన్న దిమ్మ నడిపినప్పుడు నాకు నూటికి తొంభై ఏడే వచ్చింది. మూడు తక్కువ. శక్తి ఎక్కడికీ పోదు, పుట్టదు అని పదకొండేళ్ళుగా పిల్లల చేత వల్లె వేయిస్తున్నవాణ్ణి. మూడు తక్కువ కనబడేసరికి నాలోని మాస్టారు లేచాడు. వెతికాను. ఈ లైను కనబడింది. పిచ్చిపిల్ల, వెలుగుని కలపడం మరిచిపోయింది, అందుకే తగ్గిందనుకున్నాను. లైను తీసేశాను. మళ్ళీ నడిపితే సరిగ్గా నూరు. ఇలాంటి యాదృచ్ఛికం పగవాడికి కూడా రాకూడదు.

నువ్వొచ్చాక 'నీ లెక్క నేను దిద్దాను తెలుసా' అని ఏడిపిద్దామని ఆ సంగతి నీకు చెప్పలేదు. దిద్దిన ఫైళ్ళని అలాగే వెనక్కి పంపాను. ఆ లెక్క చూసి మీ ఇన్‌స్టిట్యూట్ వాళ్ళు మెచ్చుకున్నారని నువ్వు ఫోను చేస్తే ఇక్కడ నేను మీసం దువ్వుకున్నాను.

చోళ్ళ దగ్గర గాని నాకు బుద్ధి రాలేదు. ఆ వెలుగు కొత్తగా వచ్చిన శక్తి కాదు. రేణువు దిమ్మలో దించిన శక్తిలోంచి తీసిందే. దించినప్పుడే ఒకసారి లెక్కలోకి వచ్చేసింది. ఆ వెలుగు పోయి ఏ గోడలోనో ఆరిపోయినప్పుడు కంప్యూటరు 'ఇక్కడ శక్తి దిగింది' అని మళ్ళీ చెబుతుంది. దాన్ని కూడా కలిపితే ఒకే గింజని రెండుసార్లు కొలిచినట్టు. వెలుగు కణాలు ఎన్నో లెక్కపెట్టుకోవాలి గాని, మొత్తంలో కలపకూడదు. నీకు ఇది ముందే తెలుసు. అందుకే ఆ లైను రాశావు. చిన్న దిమ్మలో తగ్గిన ఆ మూడు మరేమిటంటే, వెనక్కీ పక్కలకీ తప్పించుకుపోయిన శక్తి. నీ నోటుబుక్కు మూడో పేజీలో 'చిన్న దిమ్మలో కొంత బయటికి పోతుంది, కంగారు పడకు' అని నా కోసమే రాశావు. నేను కంగారు పడ్డాను. పెద్ద దిమ్మలో బయటికి పోయేది ఏమీ లేదు కాబట్టి, నా తెలివితేటలు పూర్తిగా బయటపడి నూట మూడు వచ్చింది. మీటింగులో మీ గైడు గారు 'మీ డబ్బాలో శక్తి పుడుతోందా' అని అడిగితే అందరూ నవ్వారని రాశావు. వాళ్ళు నవ్వవలసింది నన్ను చూసి.

నెల రోజులుగా వెతికినా నీకెందుకు కనబడలేదంటావా? ఉన్న తప్పయితే కనబడుతుంది. తీసేసిన లైను ఎలా కనబడుతుంది? ఆ ఫైలు నువ్వు తెరిచి కూడా ఉండవు. అది నేను సరిచూసి పంపిన ఫైలు. నన్ను నమ్మావు.

ఇంతవరకూ రాసింది సులువైన సగం. రెండో సగం కోసం లేచి పెరట్లో నాలుగు చుట్లు తిరిగి వచ్చాను.

చోళ్ళు కొలిచింది నవంబరు ఇరవై, గురువారం. ఈ ఉత్తరం పైన తేదీ చూడు. పద్దెనిమిది రోజులు.

ఆ గురువారమే నీకు ఫోను చేద్దామనుకున్నాను. కాలేజీకి పోయి ఫైలు మళ్ళీ చూసి, రూఢి చేసుకుని చెబుదాం అనుకున్నాను. శుక్రవారం పొద్దున్న చూశాను, రూఢి అయింది. మధ్యాహ్నం నీకు చెయ్యబోతుంటే నువ్వే చేశావు. ఏడుస్తున్నావు. 'నాకు ఈ పని రాదు బావా. పదిహేనో తారీఖు రివ్యూలో ఎలాగూ తీసేస్తారు, వాళ్ళు తీసెయ్యకముందే నేనే మానేసి వచ్చేస్తాను' అన్నావు. నా నోటి చివర మాట ఉంది. ఒక్క వాక్యం. చెప్పలేదు. 'నీ ఇష్టం' అన్నాను.

ఎందుకన్నానో నీకు తెలియాలి. వచ్చేస్తాను అన్న మాట వినగానే నాకు సంతోషం వేసింది శైలూ. నువ్వు ఏడుస్తుంటే నాకు సంతోషం వేసింది. నువ్వు వెళ్ళి ఏడాదిన్నర అయింది. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చి చెప్పులు విడిచేటప్పుడు ఇంట్లో నీ గొంతు వినబడదు. దానికి అలవాటు పడ్డానని అందరితో చెబుతాను, నీతో కూడా. పడలేదు. ఏమీ చెయ్యకుండా, నోరు మూసుకుని కూర్చుంటే చాలు, నువ్వు నీ అంతట నువ్వే వచ్చేస్తావు. వెళ్ళొద్దనలేదన్న మంచిపేరు నాకు, వచ్చేశానన్న చెడ్డపేరు నీకు.

ఊరుకోవడంతో ఆగానా అంటే అదీ లేదు. శనివారం మా కరస్పాండెంటు నరసింగరావు గారి దగ్గరికి వెళ్ళాను. మా ఆవిడ వచ్చేస్తోంది, వచ్చే జూన్ నుంచి ఫిజిక్స్‌కి ఇంకో పోస్టు ఉందా అని అడిగాను. ఉందన్నారు. సంతోషంగా ఇంటికొచ్చి మన గదిలో కిటికీ దగ్గర నీకు బల్ల ఎక్కడ పడుతుందో టేపు పెట్టి కొలిచాను. నాలుగడుగులు. నీ పనిని నాలుగడుగుల బల్లలో పట్టించేద్దామనుకున్నాను.

నీ ఉత్తరం వచ్చాక పరిస్థితి మారింది. ఫోనులో ఏడుపు ఒకలా ఉంటుంది, కాగితం మీద నీ అక్షరాలు ఇంకోలా ఉంటాయి. 'ఇన్నాళ్ళూ నాకు తెలివుందనుకుని అందర్నీ మోసం చేశానేమో, నాన్నకి ఎలా చెప్పను' అని రాశావు. మావయ్య లారీ ఆఫీసులో ఏం చెప్పుకుంటున్నారో పైన రాశాను కదా. అది చదివి వారం రోజులు ఆ ఉత్తరాన్ని చొక్కా జేబులో పెట్టుకుని తిరిగాను. క్లాసులో శక్తి నిత్యత్వం పాఠం వచ్చింది. బోర్డు మీద రాయబోయి, ఆ పాఠం వదిలేసి తరవాతది చెప్పాను.

పోయిన శుక్రవారం అమ్మకి చెప్పాను. ఆమెకి ఫైలూ లైనూ తెలియవు. గుర్తు గుప్పెళ్ళని నేను కుప్పలో కలిపి కొలిచాననీ, కుప్ప పెరిగిందని అక్కడ శైలజని తప్పుపడుతున్నారనీ, సంగతి నాకు తెలిసీ అప్పటికి పదిహేను రోజులుగా ఊరుకున్నాననీ చెప్పాను. అరుస్తుందనుకున్నాను. అరవలేదు. చేటలో బియ్యం ఏరుతున్నది ఏరుతూనే ఉంది. అలా ఏరుతూనే అంది:

"నీ పెళ్ళామని సూసుకున్నావు. అది నా అన్న కూతురురా. నాను మూడో తరగతిలో మానీసినాను, మా నాన్న మాన్పించీసినాడు. ఎందుకు మాన్పించినాడో తెల్సా? అమ్మకి ఇంట్లో తోడు నేదని. ఆయనా నన్ను తిట్టనేదు, కొట్టనేదు. ఊరికే ఇంటికాడ ఉండిపొమ్మన్నాడు."

అంతే. మళ్ళీ బియ్యంలోకి చూసింది. నాకు ముప్ఫై ఆరేళ్ళు. అమ్మ బడి మానేసిందని తెలుసు, ఎందుకు మానేసిందో నేనెప్పుడూ అడగలేదు. నేను లేవబోతే, "నువ్వు రాస్తావా, నన్ను రైలెక్కమంటావా?" అంది. హౌరా బళ్ళు మన స్టేషన్లో ఆగవమ్మా అన్నాను, ఏదో ఒకటి అనాలి కాబట్టి. "పలాస ఎల్లి ఎక్కుతాను. కాలునొప్పయినా ఎక్కుతాను" అంది. ఎక్కుతుంది కూడా, మన ఊరి కొత్తమ్మ తల్లి సాక్షిగా.

శనివారం పొద్దున్నే ల్యాబుకి వెళ్ళాను. నీ లైను ఎక్కడిది అక్కడ పెట్టాను, పక్కన నువ్వు రాసిన మాటతో సహా. ఇరవై కంప్యూటర్లూ పెట్టి పెద్ద దిమ్మని మొదటి నుంచి నడిపించాను. మధ్యలో రెండుసార్లు కరెంటు పోయింది, రెండుసార్లూ మళ్ళీ మొదలుపెట్టాను. సాయంత్రానికి వచ్చింది. నూరు. చిన్న దిమ్మ తొంభై ఏడు. రెండూ నీ నోటుబుక్కులో మాటకి సరిపోయే అంకెలే. అటు నుంచి అటే నరసింగరావు గారింటికి వెళ్ళి, మా ఆవిడ రావడం లేదండి, పోస్టు ఇంకెవరికైనా ఇచ్చుకోండని చెప్పాను. నిన్నంతా ఈ ఉత్తరం మొదలుపెట్టి చింపడంతో సరిపోయింది. పొద్దున్న కాలేజీకి వెళ్ళి సరిచేసిన ఫైళ్ళు నీకు మెయిల్ చేశాను. అందులో వివరమేమీ రాయలేదు, గురువారం దాకా తెరవొద్దన్నాను. నువ్వు ఇప్పటికే తెరిచి ఉంటావు. పరవాలేదు.

రెండో కవరు మీ గైడు గారికి. ఇంగ్లీషులో ఒక పేజీ. ఆ లైను తీసింది నేననీ, నీకు చెప్పలేదనీ, తెలిసిన తరవాత కూడా పద్దెనిమిది రోజులు దాచాననీ రాసి సంతకం పెట్టాను. అంటించలేదు, చదువుకుని ఇవ్వు. 'మా బావ పరువు పోతుంది' అని దాన్ని దాచెయ్యకు. దాచావంటే నేనే పలాస వెళ్ళి రైలెక్కుతాను, అమ్మని కూడా తీసుకుని. తెలియని మనిషికి పని అప్పగించడం నీ తప్పే కదా అని ఎవరైనా అంటే, ఆ మాట మాత్రం పడు. అది నిజమే.

ఈ పని రాదేమోనని నీ గురించి నువ్వే రాసుకున్నావు. నీ గైడుకి అనుమానం, నీకు అనుమానం, ఆ మీటింగులో కూర్చున్న పది మందికీ అనుమానం. నువ్వు మొదటి రోజే సరిగ్గా రాశావని ఈ ప్రపంచంలో తెలిసినవాణ్ణి నేనొక్కణ్ణే. ఆ ఒక్కణ్ణే నోరు మూసుకుని ఇంట్లో బల్ల కొలుచుకున్నాను. దీనికి 'పోనీలే' అనకు శైలూ. కోపం వస్తే కోపంగానే ఉత్తరం రాయి, రెండు మూడు నెలలు పట్టినా సరే.

నువ్వు లేకుండా ఈ ఇంట్లో నాకు బాగోలేదు. ఈ మాట ఏడాదిన్నర కిందటే నీతో చెప్పాల్సింది. చెప్పి ఉంటే నువ్వు విని, బాధపడి, అయినా వెళ్ళేదానివి. నేను ఇంత నీచానికి దిగకుండా ఉండేవాణ్ణి. ఇప్పుడు చెబుతున్నాను. చెప్పి కూడా, రావద్దంటున్నాను. వచ్చే సోమవారం రివ్యూ గదిలోకి వెళ్ళి నీ అంకెలు నువ్వు చూపించు. తప్పెవరిదని అడిగితే తలెత్తి నా పేరు చెప్పు.

ఇట్లు,
నీ లైను చెరిపిన బావ,
హరిబాబు